'బిజీగా ఉన్నా' అంటాం కానీ 'ఐ యామ్ బిజిలీ' అనం: ఇంగ్లీష్ అడ్జెక్టివ్స్ మనకి ఎక్కడ అడ్డం తిరుగుతాయి

మొన్న ఆదివారం మా అక్కావాళ్ళింట్లో భోజనాలయ్యాక చిన్నపాటి యుద్ధం జరిగింది. మా మేనకోడలు ఆరో తరగతి, హోంవర్క్‌లో "మై టూ స్మాల్ డాగ్స్" అని ఇచ్చి అడ్జెక్టివ్స్ కింద గీత పెట్టమన్నారు. అది "స్మాల్" ఒక్కదాని కింద గీసి పుస్తకం మూసేసింది. మా బావ తెరిచి చూసి, ఇదేంటమ్మా మై కూడా అడ్జెక్టివే, టూ కూడా అడ్జెక్టివే, మేం చదివినప్పుడు మూడూ గీసేవాళ్ళం అన్నాడు. "మా మిస్ అవి డిటర్మినర్స్ అని చెప్పారు నాన్నా" అంది. మీ మిస్‌కి రాదు అన్నాడు ఈయన, ఇంక చూడండి. చివరికి "మామయ్యా నువ్వు చెప్పు" అని నా మీద పడింది, నేనేమో ఇద్దరూ కరెక్టే అన్నా, దాంతో ఇద్దరికీ నామీద కోపం వచ్చింది.

కానీ నిజంగానే ఇద్దరూ కరెక్టే. ఎందుకో చెప్పాలంటే కొంచెం మొదట్నించి రావాలి.

అసలు అడ్జెక్టివ్ అని దేన్ని అంటారు

బళ్ళో చెప్పేది ఒకటే లైను, నామవాచకం గుణాన్ని తెలిపేది విశేషణం అని. తప్పేం కాదు, కానీ ఆ లైను పట్టుకుని వాక్యంలోకి దిగితే కాళ్ళకి అడ్డం పడుతుంది, ఎందుకంటే "బ్యూటీ" కూడా గుణమే కదా, అది మాత్రం నౌన్. అర్థాన్ని బట్టి పట్టుకోవడం కన్నా ఆ పదం ఏ చోట్లలో కూర్చోగలదో చూస్తే తేలిగ్గా దొరుకుతుంది. మామూలు అడ్జెక్టివ్ మూడు పనులు చేస్తుంది: నౌన్ ముందు కూర్చుంటుంది ("స్మాల్ డాగ్"), ఈజ్, ఆర్ లాంటి వాటి తర్వాత ఒక్కటే నిలబడుతుంది ("ద డాగ్ ఈజ్ స్మాల్"), ముందు వెరీ పెడితే ఒప్పుకుంటుంది ("వెరీ స్మాల్").

ఇప్పుడు "స్కూల్ బస్" తీసుకోండి. స్కూల్ అనేది బస్ ముందే ఉంది, ఏ బస్సో చెప్తోంది, మరి అడ్జెక్టివా? "వెరీ స్కూల్ బస్" అనలేం, "ద బస్ ఈజ్ స్కూల్" అనలేం. కాబట్టి అది నౌనే, పక్క నౌన్‌కి సాయం వచ్చింది అంతే, మన తెలుగులో బడి బస్సు, ఊరి చెరువు అన్నట్టు.

మూడు పరీక్షలూ అందరూ పాసవ్వరు, అది వేరే సంగతి. "అస్లీప్", "ఎలైవ్", "అఫ్రెయిడ్" లాంటివి ఈజ్ తర్వాతే వస్తాయి, "ద బేబీ ఈజ్ అస్లీప్" సరే గానీ "అస్లీప్ బేబీ" అనరు, స్లీపింగ్ బేబీ అంటారు. "మెయిన్", "మియర్" లాంటివి దీనికి రివర్స్, నౌన్ ముందే ఉంటాయి, "ద రోడ్ ఈజ్ మెయిన్" అంటే నవ్వుతారు. ఇంకొన్ని నౌన్ వెనకాల చేరతాయి, "సెక్రటరీ జనరల్", "కోర్ట్ మార్షల్", ఇవి ఫ్రెంచ్ నుంచి వచ్చిన అలవాటు. "సంథింగ్ స్పెషల్" లో కూడా వెనకే.

బావ లెక్క, పాప లెక్క

మా బావ తరం చదివింది రెన్ అండ్ మార్టిన్ పద్ధతి. 1930లలో మొదట వచ్చిన ఆ గ్రామర్ పుస్తకం ఇప్పటికీ మన దగ్గర కాంపిటీటివ్ పరీక్షల వాళ్ళ టేబుల్ మీద ఉంటుంది. అందులో గుణం చెప్పేవే కాదు, ఎంతో చెప్పేవి, ఎన్నో చెప్పేవి, దిస్, దట్ లాంటివి, విచ్, వాట్ లాంటివి, చివరికి ఎ, ద కూడా అడ్జెక్టివ్స్ ఖాతాలోనే. లాజిక్ ఏంటంటే నౌన్ ముందు చేరి దాని అర్థాన్ని కుదించే ప్రతిదీ అడ్జెక్టివే. ఈ చూపు పాత లాటిన్ వ్యాకరణాల నించి వచ్చింది, వాళ్ళయితే ఒకప్పుడు అడ్జెక్టివ్‌ని విడి భాషాభాగంగానే చూడలేదు, నౌన్‌లోనే ఒక రకం అనుకున్నారు, ఎందుకంటే లాటిన్‌లో రెండిటికీ ఒకే రకం విభక్తులు తగులుతాయి.

పాప వాళ్ళ మిస్ చెప్పింది తర్వాతి తరం పద్ధతి. 1985లో క్వర్క్ బృందం పెద్ద గ్రామర్, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ కలిసి తెచ్చిన కేంబ్రిడ్జ్ గ్రామర్, ఇలాంటివి నౌన్ ముందు చేరి అది ఏదో, ఎవరిదో తేల్చే ఈ మై, దిస్, ద గుంపుని అడ్జెక్టివ్స్ నించి విడగొట్టాయి, మిస్ చెప్పిన డిటర్మినర్స్ ఇవే. కారణం పైన చెప్పిన పరీక్షే, "వెరీ మై" అనలేం, "ద డాగ్స్ ఆర్ మై" అనలేం. ఇంకో సంగతి, అడ్జెక్టివ్స్ ఎన్నయినా పక్కపక్కన పేర్చొచ్చు, "లేజీ స్మాల్ బ్రౌన్ డాగ్", కానీ "ద మై డాగ్" కుదరదు, "దిస్ మై డాగ్" కుదరదు. ఒక కుర్చీలో ఒకరే కూర్చోవాలి అన్నట్టు ఉంటుంది వాటి సంగతి. తెలుగువాళ్ళు "దిస్ మై హౌస్" అనేది ఇక్కడే, మనకి "ఈ మా ఇల్లు" హాయిగా కుదురుతుంది కదా.

డిక్షనరీలు కూడా ఒక మాట మీద లేవు. అమెరికావాళ్ళ మెరియమ్ వెబ్‌స్టర్ "మై" పక్కన అడ్జెక్టివ్ అని రాస్తుంది, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ లెర్నర్స్ డిక్షనరీ డిటర్మినర్ అని రాస్తుంది. నాకైతే పాప లెక్కే నచ్చుతుంది, తప్పు ఎందుకు తప్పో చెప్పగలుగుతోంది కాబట్టి. పరీక్ష పేపర్ దిద్దేవాళ్ళ చేతిలో ఏ పుస్తకం ఉంటే అదే రూలు అనేది మాత్రం మా బావ మాట, దానికి నా దగ్గర జవాబు లేదు.

మన విశేషణం సగం ఇంగ్లీష్ లాగే ఉంటుంది, గొడవంతా మిగతా సగంలోనే

మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మంచి పుస్తకం. నౌన్ ముందు ఉన్నంతసేపు మన "మంచి" మారదు, ఇంగ్లీష్ "గుడ్" కూడా మారదు. సంస్కృతం చదివినవాళ్ళకి తెలుసు, అక్కడ విశేషణం లింగం, వచనం, విభక్తి అన్నీ మోస్తుంది, హిందీలో కూడా అచ్ఛా, అచ్ఛీ, అచ్ఛే అని మారుతుంది. ఈ విషయంలో మనం అదృష్టవంతులం.

వాక్యం చివరికి వస్తే సీన్ మారిపోతుంది. అతను మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు, అన్నిటికీ తోకలు వచ్చాయి. పైగా ఈజ్, ఆర్ లాంటి క్రియ మనకి అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో తోక ఉండదు, ఈజ్ ఉండి తీరాలి. చిన్నపిల్లలు "హీ గుడ్" అనేది అందుకే, వాళ్ళు తప్పు మాట్లాడటం లేదు, తెలుగు మాట్లాడుతున్నారు ఇంగ్లీష్ పదాలతో.

ఇవన్నీ చిన్నవి, ఎలాగోలా సర్దుకుంటాయి. అసలు గుంట ఇంకోటి ఉంది.

'గా' అంటే అడ్వర్బ్, 'మైన' అంటే అడ్జెక్టివ్: ఈ చిట్కా ఎక్కడ దెబ్బ కొడుతుంది

ట్యూషన్‌లో నేనూ ఇలాగే నేర్చుకున్నా. అందమైన అంటే బ్యూటిఫుల్, అందంగా అంటే బ్యూటిఫుల్లీ. కోపమైన అంటే యాంగ్రీ, కోపంగా అంటే యాంగ్రిలీ. వినడానికి ఎంత నీట్‌గా ఉందో. "ఆమె అందంగా పాడింది" అంటే "షి శాంగ్ బ్యూటిఫుల్లీ", సూపర్, పని చేసింది.

ఇప్పుడు "ఆమె అందంగా ఉంది" చేయండి. చిట్కా ప్రకారం "షి ఈజ్ బ్యూటిఫుల్లీ" రావాలి, అది తప్పు, "షి ఈజ్ బ్యూటిఫుల్" అనాలి. సాంబారు ఉప్పగా ఉంది, "ద సాంబార్ ఈజ్ సాల్టీ". ఇల్లు శుభ్రంగా ఉంది, "ద హౌస్ ఈజ్ క్లీన్". తెలుగులో "ఉంది" వస్తే దాని ముందు "గా" దాదాపు ఎప్పుడూ వచ్చేస్తుంది, కానీ అక్కడ మనం చెప్పేది పని ఎలా జరిగిందో కాదు, ఆ మనిషో వస్తువో ఎలా ఉందో. ఇంగ్లీష్ ఆ తేడా చూసి అక్కడ అడ్జెక్టివ్ పెడుతుంది, మన "గా" కి రెండు ఉద్యోగాలు, ఇంగ్లీష్ "లీ" కి ఒకటే.

ఈ ఒక్క జంట చూస్తే మొత్తం అర్థమవుతుంది. "ఆమె కోపంగా కనిపించింది", "ఆమె అతనివైపు కోపంగా చూసింది". తెలుగులో రెండిట్లోనూ కోపంగా. ఇంగ్లీష్‌లో రెండిట్లోనూ లుక్డ్. కానీ మొదటిది "షి లుక్డ్ యాంగ్రీ", ఎందుకంటే కోపం ఆమెలో ఉంది, ఆమె ఏ పనీ చెయ్యట్లేదు. రెండోది "షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్", చూడటం అనే పని జరిగింది, అది ఎలా జరిగిందో చెప్తున్నాం. స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్ అన్నీ ఇదే కుటుంబం. "బిర్యానీ స్మెల్స్ గుడ్" అంటాం, "వెల్" అనం, బిర్యానీకి ముక్కు లేదు కదా వాసన చూడ్డానికి.

తమాషా ఏంటంటే మనకి ఇది ఆల్రెడీ వచ్చు. "బిజీగా ఉన్నా" అని రోజుకి ఇరవై సార్లు అంటాం, ఇంగ్లీష్‌లో చెప్పమంటే ఎవ్వరూ "ఐ యామ్ బిజిలీ" అనరు, "ఐ యామ్ బిజీ" అనే అంటారు (బిజిలీ అంటే హిందీలో కరెంటు). ఫ్రీగా ఉన్నావా, కూరలు ఫ్రెష్‌గా ఉన్నాయి, షర్ట్ టైట్‌గా ఉంది. ఇంగ్లీష్ అడ్జెక్టివ్‌కే గా తగిలించుకుని తిరుగుతున్నాం, ఆ గా తీసేసి ఈజ్ పెడితే సరిపోతుంది. ఒక్కటి మాత్రం ముంచుతుంది, "టెన్షన్‌గా ఉంది". టెన్షన్ అడ్జెక్టివ్ కాదు, నౌన్, కాబట్టి "ఐ యామ్ టెన్షన్" కుదరదు, "ఐ యామ్ టెన్స్" అనాలి.

ఇంగ్లీష్‌వాళ్ళకి కూడా ఇక్కడ గొడవ ఉంది. బాధగా ఉంది అనడానికి "ఐ ఫీల్ బ్యాడ్" అనాలని ఎక్కువమంది అంటారు, "ఐ ఫీల్ బ్యాడ్లీ" అంటే తడిమే పని సరిగ్గా చేతకావట్లేదు అని అర్థం వస్తుందని వెక్కిరిస్తారు, అయినా బాగా చదువుకున్నవాళ్ళు కూడా బ్యాడ్లీ వాడుతూనే ఉంటారు.

ఇంకో చిన్న ఉచ్చు, లీ ఉన్నదల్లా అడ్వర్బ్ కాదు. ఫ్రెండ్లీ, లవ్లీ, కాస్ట్లీ, ఇవి పక్కా అడ్జెక్టివ్స్. అడ్వర్బ్ అయినవన్నిటికీ లీ ఉండాలనీ లేదు, "హీ వర్క్స్ హార్డ్" అంటే కష్టపడతాడు, "హీ హార్డ్లీ వర్క్స్" అంటే పని దాదాపు చెయ్యడు. ఇంటర్వ్యూలో కంగారులో ఒక లీ ఎక్కువ పడితే ఇంక అంతే.

బోరింగా, బోర్డా: వంటింట్లోకి వెళ్తే తేలిపోతుంది

"ఐ యామ్ సో ఎగ్జైటింగ్ టు మీట్ యు" అని స్టేజీ మీద చాలాసార్లు విన్నా. చెప్పాలనుకున్నది నాకు చాలా ఉత్సాహంగా ఉంది అని, చెప్పింది నేను అందరికీ ఉత్సాహం కలిగించే మనిషిని అని.

బాయిలింగ్ వాటర్, బాయిల్డ్ వాటర్ ఆలోచించండి. మొదటిది పొయ్యి మీద ఇంకా కుతకుతా మరుగుతున్న నీళ్ళు, రెండోది మరిగించి దించిన నీళ్ళు. ఇంగ్ అంటే ఆ పని చేస్తున్నది, ఎడ్ అంటే ఆ పని తన మీద జరిగినది. అదే లెక్క మనసుకి వేసుకుంటే, సినిమా బోర్ కొట్టిస్తుంది కాబట్టి బోరింగ్, నా మీద ఆ బోర్ పడింది కాబట్టి నేను బోర్డ్. తెలుగులో "బోర్ కొడుతోంది" అనే ఒక్క ముక్కలో ఎవరు కొట్టారో ఎవరికి తగిలిందో చెప్పకుండా దాటేస్తాం, అందుకే ఇంగ్లీష్‌లో రెండు పదాల్లో ఏది ఎంచుకోవాలో చెయ్యి వణుకుతుంది.

మనుషులకి ఎడ్, వస్తువులకి ఇంగ్ అని ఒక షార్ట్‌కట్ తిరుగుతూ ఉంటుంది, అది సగమే నిజం. మా పాత మ్యాథ్స్ సార్ మనిషే, అయినా నిజంగా బోరింగ్.

కంటే ఉన్న భాష నుంచి ఎర్, ఎస్ట్ ఉన్న భాషలోకి

రాము కంటే సోము పొడుగు. ఇక్కడ "పొడుగు" అనే పదం కదల్లేదు, పోలిక భారమంతా "కంటే" మోసింది. అందరికంటే పొడుగు, అప్పుడు కూడా కదల్లేదు. ఇంగ్లీష్‌లో పదమే మారాలి, టాల్, టాలర్, టాలెస్ట్. ఒకటే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) ఉంటే ఎర్, హ్యాపీ లాంటి వై చివరున్న రెండు సిలబుల్స్‌కి కూడా ఎర్, మూడు, ఆపైన ఉంటే మోర్. మధ్యలో ఉన్న క్లెవర్, సింపుల్, క్వయట్ లాంటివి రెండు రకాలుగానూ చెల్లుతాయి.

"మోర్ బెటర్", "మోర్ టాలర్" మనం ఎందుకంటాం? మన చెవికి పోలిక విడి మాటగా వినపడితే గానీ తృప్తి ఉండదు కాబట్టి, "ఇంకా బాగుంది" లో ఇంకా లాగా మోర్ వచ్చి కూర్చుంటుంది. అయితే ఇది ఎప్పట్నించో తప్పు అనుకోకండి, షేక్‌స్పియర్ నాటకాల్లో ఇలాంటి డబుల్స్ ఉన్నాయి, తర్వాత వచ్చిన వ్యాకరణ పంతుళ్ళు వీటిని తరిమేశారు.

సీనియర్, జూనియర్, సుపీరియర్ సంగతి ఇంకా బావుంటుంది. ఇవి లాటిన్‌లో ఆల్రెడీ పోలిక రూపాలు, సీనియర్ అంటేనే ఎక్కువ వయసున్న అని. అందుకే వాటికి దాన్ రాదు, టు వస్తుంది, "హీ ఈజ్ సీనియర్ టు మి". బ్యాంకు పరీక్షల్లో ఇది అరిగిపోయిన బిట్టు. "మోర్ సీనియర్ దాన్" అని మాత్రం ఆఫీసుల్లో ఇంగ్లీష్‌వాళ్ళే బాగా వాడతారు. ఎల్డర్ కూడా పేచీకోరే, "మై ఎల్డర్ బ్రదర్" ఓకే, "ఎల్డర్ దాన్ మి" మాత్రం కాదు, ఓల్డర్ దాన్ మి.

యూట్యూబ్ రివ్యూల్లో తప్పకుండా వినపడేది "వన్ ఆఫ్ ద బెస్ట్ మూవీ". బెస్ట్ సినిమాల్లో ఒకటి అని తెలుగులో చెప్పేటప్పుడు సినిమాలు అని బహువచనం మనమే వేస్తాం, ఇంగ్లీష్‌లోకి రాగానే దాన్ని మింగేస్తాం. మూవీస్ అనాలి.

ఇక పండితుల కొట్లాటలు రెండు. ఒకటి, యూనిక్, పర్ఫెక్ట్ లాంటి వాటికి వెరీ, మోర్ పెట్టొచ్చా. యూనిక్ అంటే ఒకేఒక్కటి, ఒకేఒక్కదాంట్లో ఎక్కువ తక్కువలు ఏంటి అని ఒక వర్గం. మాటకి అర్థం సాగుతుంది, ఇప్పుడు యూనిక్ అంటే చాలా అరుదైనది అని కూడా అని ఇంకో వర్గం. వీళ్ళ చేతిలో మంచి సాక్ష్యం ఉంది, 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి వాక్యంలోనే "మోర్ పర్ఫెక్ట్" అని ఉంటుంది. రెండోది లెస్, ఫ్యూయర్. లెక్కపెట్టగలిగితే ఫ్యూయర్, లేకపోతే లెస్ అన్న రూలుకి మూలం 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన రాసిన మాట, అది కూడా నాకు ఇలా అయితే బాగుంటుంది అన్న ధోరణిలో. అంతకు ముందు 9వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు దగ్గర్నించీ లెక్కపెట్టే వాటికి కూడా లెస్ వాడారు. 2008లో బ్రిటన్‌లో టెస్కో వాళ్ళు బిల్లింగ్ కౌంటర్ దగ్గర "టెన్ ఐటమ్స్ ఆర్ లెస్" బోర్డు మీద వచ్చిన గోల తట్టుకోలేక "అప్ టు టెన్ ఐటమ్స్" అని మార్చుకున్నారు, లెస్సూ వద్దు ఫ్యూయరూ వద్దు అని.

ఎర్ర కొత్త చీరా, కొత్త ఎర్ర చీరా

నాలుగైదు అడ్జెక్టివ్స్ వరసలో వస్తే ఏది ముందు? పుస్తకాల్లో ఉండే క్రమం ఇది: అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరో దేశమో, దేంతో చేశారు, దేనికోసం. 2016లో ఇది ట్విట్టర్‌లో తెగ తిరిగింది, పుట్టి పెరిగిన ఇంగ్లీష్‌వాళ్ళే మాకు ఈ రూలు ఉందని తెలీదే అని నోరెళ్ళబెట్టారు.

మనకీ తెలీదు, కానీ మనకీ ఉంది. మా అక్క బీరువా తెరిచి ఏ చీర అంటే, "ఆ అందమైన కొత్త ఎర్ర గద్వాల పట్టుచీర" అంటుంది. అభిప్రాయం, వయసు, రంగు, ఊరు, పట్టు. ఇంగ్లీష్‌లో "దట్ బ్యూటిఫుల్ న్యూ రెడ్ గద్వాల్ సిల్క్ శారీ", వరస పొల్లుపోకుండా అదే. "గద్వాల ఎర్ర కొత్త అందమైన పట్టుచీర" అని చూడండి, నాలుక మెలికపడుతుంది. కాబట్టి ఈ లిస్టు బట్టీ కొట్టి తలనొప్పి తెచ్చుకున్నవాళ్ళు ముందు తెలుగులో చెప్పుకుని చూస్తే చాలాసార్లు గట్టెక్కుతారు.

పక్కా శాసనం మాత్రం కాదు. కొన్ని పుస్తకాలు వయసుని ముందు పెడితే కొన్ని ఆకారాన్ని ముందు పెడతాయి. పిల్లల కథల్లో తోడేలు "బిగ్ బ్యాడ్ ఉల్ఫ్", రూలు ప్రకారమైతే బ్యాడ్ ముందు రావాలి. చిట్ చాట్, జిగ్ జాగ్ లో లాగా ఇ తర్వాత అ వస్తే ఇంగ్లీష్ చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి ఆ సౌండే గెలిచింది అని కొందరంటారు, అక్కడ బ్యాడ్ అభిప్రాయం కాదు, తోడేలు జాతి పేరులో భాగమైపోయింది అని కొందరంటారు. నాకు మొదటిదే నచ్చింది.

మూడు బెడ్‌రూమ్స్ ఫ్లాట్, పదేళ్ళ పిల్లాడు

హైదరాబాద్‌లో ఏ సందులోకెళ్ళినా "త్రీ బెడ్‌రూమ్స్ ఫ్లాట్" బోర్డు కనపడుతుంది. తెలుగులో పదేళ్ళ పిల్లాడు, రెండు గదుల ఇల్లు, అన్నీ బహువచనాలే, అదే అలవాటు అక్కడికీ వెళ్ళింది. ఇంగ్లీష్‌లో నౌన్ ముందుకొచ్చి అడ్జెక్టివ్ పని చేసేటప్పుడు ఎస్ ఊడిపోతుంది, "త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్", "టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్", "ఫైవ్ హండ్రెడ్ రుపీ నోట్". రాసేటప్పుడు మధ్యలో చిన్న గీతలు కూడా పెడతారు. ఈజ్ తర్వాతికి వెళ్తే ఎస్ తిరిగొస్తుంది, "ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్". మరి సేవింగ్స్ ఎకౌంట్, స్పోర్ట్స్ షూస్ సంగతేంటి అంటారా, సేవింగ్, స్పోర్ట్ అనేసరికి అర్థమే వేరయిపోతుంది కాబట్టి ఆ ఎస్‌ని ఊడనివ్వలేదు.

ఇదంతా ఆరోజు సాయంత్రం దాకా చెప్పా. బావ కాస్త మెత్తబడ్డాడు. పాప మాత్రం బాయిలింగ్ వాటర్ దగ్గరే ఆగిపోయింది. "ఇంగ్ అంటే ఆ పని చేస్తున్నది అన్నావు కదా మామయ్యా, మరి డ్రింకింగ్ వాటర్ అంటే తాగుతున్న నీళ్ళా? వాకింగ్ స్టిక్ నడుస్తుందా?" అంది.

నడవదు. అక్కడ ఇంగ్ వేరే రకం, నడక కోసం కర్ర, తాగడం కోసం నీళ్ళు. "ద వాటర్ ఈజ్ బాయిలింగ్" అనొచ్చు, "ద వాటర్ ఈజ్ డ్రింకింగ్" అనలేం, దాంతో తేలిపోతుంది. నొక్కి పలికే చోటు కూడా మారుతుంది, బాయిలింగ్ వాటర్‌లో వాటర్ మీద బరువు పడితే డ్రింకింగ్ వాటర్‌లో డ్రింకింగ్ మీద పడుతుంది. తెలుగులో కూడా మరిగే నీళ్ళు, తాగే నీళ్ళు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నీళ్ళు మరుగుతాయి గానీ తాగవు కదా, పడుకునే మంచం అంటాం గానీ మంచం ఎప్పుడూ పడుకోలేదు.

"అంటే డ్రింకింగ్ కింద గీత పెట్టాలా వద్దా?" అన్నాడు బావ పెన్సిల్ పట్టుకుని. స్కూల్ బస్‌లో స్కూల్ కింద పెడతావా అన్నా. పెన్సిల్ కింద పెట్టేశాడు.